అలసిన వీరునికి ఆటలో చోటు

కౌలాలంపూరు, పెటాలింగ్ జయ, సుబంగ్ జయ మొదలగు పట్టణములయందు శనివారపు సాయంకాలములలో, వాన కురిసి వెలిసిన పిమ్మట, బోర్డుగేము కఫేలలోని బల్లల చుట్టును నలుగురైదుగురు యువతీయువకులు చేరి, కాగితమును, పెన్సిలును, ఇరువది ముఖముల పాచికయు దక్క వేఱొక సామగ్రి యేమియు లేకయే, అడవులను, కోటలను, భూగర్భ బిలములను మాటలతో నిర్మించుకొని, వానిలో తామే దొంగలును, మాంత్రికులును, ఖడ్గధారులును అయి సంచరించుచు, కఫే మూయు వేళ వఱకు ఒక్క కథనే కలసి కల్పించుచుందురు. అప్పటికిని తనివి తీరనివారు మామక్ దుకాణమునకు బోయి తే తారిక్ త్రాగుచు, గడచిన యుద్ధమున ఎవడెట్లు బ్రతికెనో, ఎవడేల పడెనో తర్కించుకొందురు. 1974లో అమెరికా దేశమున గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో మొదలై లోకమంతట వ్యాపించిన ఈ రోల్‌ప్లేయింగు ఆటలలో గెలుపోటములు ప్రధానములు కావు. డి.ఎం. అని పిలువబడు సూత్రధారుడు లోకమును వర్ణించుచుండగా, తక్కినవారు తమ తమ పాత్రల మాటలను, చేతలను నిర్ణయించుచుందురు. సందేహమున్న చోట పాచిక తీర్పు చెప్పును. మలేషియాలోని మన తెలుగు కుటుంబముల పిల్లలును ఈ బల్లల యొద్ద కూర్చుండుచున్నారు గనుక, వారికిని, వారిని కన్నవారికిని ఈ యాటలోని ఒక చిక్కును, దానిని తీర్చుటకు జరిగిన ప్రయత్నములను, నాకు సరియని తోచిన మార్గమును విన్నవించెదను.

చిక్కు ఇది. ప్రతి పాత్రకును హెచ్.పి. అను ప్రాణసంఖ్య యొకటి యుండును. శత్రువు వేటు తగిలినప్పుడెల్ల అది తఱుగుచుండును. ఏబది ప్రాణసంఖ్య గల యోధుడు తొలి వేటున ఖడ్గమును ఎంత వడిగా, ఎంత గుఱిగా త్రిప్పునో, ఆ సంఖ్య ఒకటికి దిగిన పిమ్మటను అంత వడిగానే, అంత గుఱిగానే త్రిప్పును. సున్న యైన క్షణమున మాత్రము కుప్పకూలును. రొప్పుట లేదు, చేయి బరువెక్కుట లేదు, చెమట కంటిలో కాఱి చూపు మసకబాఱుట లేదు. ఇది చాలదని తోచిన ఆటగాండ్రు తమ బల్లకు తాము విధించుకొను అదనపు కట్టడులను హౌస్ రూల్స్ అందురు. అట్టి కట్టడులలో యుద్ధశ్రమకు సంబంధించినవి ఎన్ని వచ్చినవో, ఎన్ని నాలుగు వారములు నిలువక విడువబడినవో లెక్కింప శక్యము కాదు.

మన పెద్దలు యుద్ధమును వర్ణించినప్పుడు అలసటను విడిచిపెట్టలేదు. సైంధవ వధ జరుగవలసిన దినమున, సూర్యుడు పడమటికి వ్రాలుచుండగా, ప్రతిజ్ఞ నెఱవేఱకున్న అగ్నిప్రవేశము తప్పని అర్జునుడు, గుఱ్ఱములు గాయపడి దప్పిగొని యుండుట చూచి, శత్రుసైన్యము నట్టనడుమ రథము దిగి, బాణముతో భూమిని చీల్చి కొలను కల్పింపగా, శ్రీకృష్ణుడు కాడి విప్పి ఆ గుఱ్ఱములకు నీరు పెట్టి, ఒడలు తోమి, మఱల పూన్చెను. ఆ రాత్రియే, ఘటోత్కచుడు పడిన పిమ్మట, ఇరుసేనలును నిద్రచే కన్ను గానని స్థితికి రాగా, చంద్రోదయము వఱకు అందఱును విశ్రమింపవలసినదని అర్జునుడే బిగ్గరగా పలికెను. కౌరవసేన సైతము అతనిని దీవించి, ఏనుగుల మీదను, గుఱ్ఱముల మీదను, నేల మీదను ఉన్నవారున్నట్లు నిదురించెను. చివఱకు దుర్యోధనుడు ద్వైపాయన హ్రదమున దాగినప్పుడు, భయపడి గాక బడలిక తీర్చుకొనుటకు వచ్చితినని ధర్మరాజుతో చెప్పుకొనెను. వీటన్నిటికంటె గొప్పది రామాయణమున నున్నది. లంకలో తొలిసారి ఎదిరించిన నాడే, విల్లు విఱిగి, కిరీటము తెగి, నిలువలేక యున్న రావణుని రాముడు చంపక, నీవు డస్సితివి, ఇంటికి బోయి సేదదీఱి మఱల రమ్మని విడిచిపెట్టెను.

ఈ కథలలో అలసట ఎక్కడను ఒక సంఖ్యగా నిలిచిపోలేదు. ప్రతి చోటను అది ఒకనిచే ఏదో యొక నిర్ణయము చేయించినది: ఆగుటయా, కావలి కాయుటయా, దాగుటయా, విడిచిపెట్టుటయా. ఆటకు కట్టడి చేయువారు గ్రహింపవలసిన మర్మమంతయు నాకిక్కడనే కనిపించుచున్నది.

పెరాక్‌లో ఒక తెల్లవారుజాము

పురాణము చాలదనువారికి మలేషియా నేల మీదనే జరిగిన చరిత్ర కలదు. 1941 డిసెంబరు 8న జపాను సైన్యము కోటబహారు తీరమున దిగినది మొదలు, బ్రిటిషు పక్షమున పోరిన పదునొకండవ ఇండియన్ డివిజను జిత్ర యొద్ద ఓడి, మూడు వారములకు పైగా పగలు త్రవ్వుచు, రాత్రులు వెనుకకు నడచుచు, కంపార్ యొద్ద కొలది దినములు నిలచి, మఱల వెనుదిరిగి, పెరాక్ రాష్ట్రపు దక్షిణ భాగమున స్లిమ్ నది కడకు చేరెను. ఇరువంకల అడవియు, రబ్బరు తోటలును, నడుమ ఒక్క రహదారియు, ఒక్క రైలుదారియు. 1942 జనవరి 7న తెల్లవాఱక ముందే జపాను ట్యాంకులు ఆ రహదారి వెంట చొచ్చుకొని వచ్చి, కొద్ది గంటలలోనే పండ్రెండవ, ఇరువదియెనిమిదవ బ్రిగేడులను ఛిన్నాభిన్నము చేసెను. ట్యాంకుల నాపుటకు మందుపాతరలును, సిమెంటు దిమ్మెలును దగ్గఱనే యుండియు చాలినన్ని దారికి అడ్డముగా చేరలేదు. ముందటి దళముల వార్త వెనుకవారికి సకాలమున అందలేదు. ఒక పటాలము రహదారి మీద వరుసగా నడచుచు, వెనుక వచ్చునది శత్రువని తెలియకమునుపే చిక్కిపడెను. మఱునాడు వచ్చి చూచిన సేనాని వేవెల్, మధ్య మలయాను నిలుపుకొనుట యిక సాధ్యము కాదని నిశ్చయించెను. ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయెను.

ఈ యోటమికి ఆయుధముల లోపము, విమానముల లోపము కారణములు కాకపోలేదు. కాని స్లిమ్ నదిని గూర్చి వ్రాసిన వారిలో పెక్కురు ఆ సైనికుల తీఱని బడలికను ముఖ్యముగా పేర్కొందురు. అలసిన సైనికుని చేతిలోని తుపాకి గుఱి తప్పుటకంటె ఘోరమేమనగా, అతడు వినవలసినది వినకపోవుట, చేయవలసిన చిన్న పనిని రేపటికి విడుచుట, ఆ మరణనిశ్శబ్దపు టడవిలో మనస్సు తేఱుకొనలేకపోవుట. పాచిక మీద రెండు తగ్గించిన మాత్రమున ఈ స్థితి ఆటలోనికి రాదు.

గ్రంథములు చెప్పిన లెక్కలు

అలసటకు కట్టడి ఈ యాటతో పుట్టినదే కాదు, ఈ యాటకంటె పాతది. 1971లో గైగాక్స్, జెఫ్ పెరెన్ అనువారు వ్రాసిన ‘చెయిన్‌మెయిల్’ అను బొమ్మసైనికుల యుద్ధక్రీడలోనే, వరుసగా నడచి, ఉఱికి, పోరిన దళము అలసినదగుననియు, దాని బలమును, ధైర్యమును ఒక మెట్టు దిగుననియు, ఒక వంతు విశ్రమించిన తేఱుకొనుననియు కలదు. 1974 నాటి గ్రంథమున పది నిమిషముల వంతులు ఆఱింటిలో ఒకటి విశ్రాంతికి విడువవలయునని విధించిరి. పిదప వచ్చిన ‘రూన్‌క్వెస్ట్’ మూడవ కూర్పు బలమును, దేహదార్ఢ్యమును కూడి మోయు బరువును తీసివేసి, మిగిలిన దానిని, రౌండు అను ఒక్కొక్క పోరు చుట్టునకు ఒకటి చొప్పున తఱుగజేసెను. లెక్క సరియైనదే, కాని నలుగురు వీరులకు, ఎనమండుగురు శత్రువులకు ప్రతి రౌండును కాగితము చెఱిపి వ్రాయుట ఎవరి తరము? పెక్కు బల్లలవారు దానిని విడిచిరి. 1986లో వచ్చిన ‘గర్ప్స్’ పోరు పది సెకనులు దాటినచో ముగిసిన పిమ్మట ఒక్కసారి శ్రమను లెక్కింపుమనెను, ఇది తేలిక. 2013లో ‘టార్చ్‌బేరర్’ నాలుగు వంతులకొకసారి ఆకలి, కోపము, భయము, బడలిక, గాయము, రోగము వీనిలో ఏదో యొకటి మీద పడునట్లు చేసి, అలసటనే కథకు ఇరుసుగా నిలిపెను. 2020లో ‘కెయిర్న్’ అను చిన్న గ్రంథము, మోయు సంచిలోని పది అరలలో ఒకదానిని అలసటయే ఆక్రమించునని చెప్పెను. అలసిన వాడు త్రాటినో, దివిటీనో, దొరకిన బంగారమునో విడువవలసి వచ్చును. ఇంత తక్కువ మాటలలో ఇంత మంచి కట్టడిని నేను వేఱొకటి చూడలేదు, ఏలయన ఇది ఆటగానిని లెక్క అడుగక, ఏది విడిచెదవని అడుగుచున్నది.

నేడు బహుళ ప్రచారము గల డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదవ కూర్పు, 2014లో, బడలికకు ఆఱు మెట్లు కట్టెను. మొదటి మెట్టున నేర్పు తగ్గును, రెండవదానిలో నడక సగమగును, మూడవదానిలో వేటు తడబడును, నాల్గవదానిలో ప్రాణసంఖ్య సగమగును, అయిదవదానిలో కదలిక పోవును, ఆఱవది మరణము. 2024 నాటి కూర్పు దీనిని సులభము చేసి, మెట్టునకు రెండు చొప్పున పాచిక మీద తగ్గింపుమనెను. కాని చిత్రమేమనగా, ఎంతసేపు కత్తి త్రిప్పినను ఈ మెట్లు ఎక్కుట జరుగదు. ఆకలి, దప్పి, దూరపు నడక, మండుటెండ, కొన్ని మంత్రములు మొదలగు వానివలననే యెక్కును. అందువలననే, ప్రాణసంఖ్య సున్నకు దిగి మంత్రముచే లేచినవానికి ఒక మెట్టు బడలిక తప్పదను హౌస్ రూల్ పెక్కు దేశముల బల్లలయందు వెలసినది. పడుచు లేచుచు, లేచుచు పడుచు, ఏమియు జరుగనట్లు పోరు వీరుని చూచి విసిగినవారి కట్టడి యది. దానియందు న్యాయము కలదు.

ఇచ్చట గడియారమును గూర్చి ఒక మాట చెప్పవలయును, ఏలయన కట్టడులు చెడుటకు ఇదియే తొలి కారణము. గర్ప్స్‌లో రౌండనగా ఒక సెకను. అయిదవ కూర్పులో ఆఱు సెకనులు. 1970ల నాటి గైగాక్స్ గ్రంథములలో ఒక నిమిషము. అయిదు రౌండ్ల పోరు ఒక చోట అయిదు సెకనులు, ఒక చోట అర నిమిషము, ఒక చోట అయిదు నిమిషములు. ఇనుప కవచము తొడిగి అయిదు నిమిషములు ఎడతెగక పోరినవాడు నిలువలేడు. అర నిమిషము పోరినవాడు రొప్పును గాని కూలడు. ఒక గ్రంథపు కట్టడిని మఱొక గ్రంథపు గడియారమునకు తగిలించువారు ఈ భేదమును ముందు చూచుకొనవలయును.

హెచ్.పి. యందే దేహబలము, మనోబలము, అదృష్టము అన్నియు కలసియున్నవి గదా, వేఱుగా అలసట ఏల, ఒకే శ్రమకు రెండు సుంకములేల అని వాదించువారు కలరు. వారి వాదము త్రోసివేయదగినది కాదు. కాని హెచ్.పి. తఱుగుట శత్రువు చేతిలోనిది. ఊపిరిని ఖర్చు పెట్టుట యోధుని చేతిలోనిది. ఈ రెండవదానికి ఆటలో చోటు కల్పింపనంత కాలము, తెగించి ఉఱుకుటకును, నిదానించి నిలచుటకును భేదమే లేదు.

మన యెండ, మన తేమ

మలేషియాలో ఆడువారికి వేఱొక ప్రత్యేక కారణము కలదు. అయిదవ కూర్పు గ్రంథమున, వేడి 38 డిగ్రీలు చేరిననే దాని బాధ మొదలగునని యున్నది. 1998లో పెర్లిస్ రాష్ట్రమున చుపింగ్ వద్ద 40.1 డిగ్రీలు నమోదైనట్టి అరుదైన దినములు తప్ప, ఈ దేశమున పగటి వేడి సాధారణముగా 32, 33 డిగ్రీల దగ్గఱనే యుండును; అనగా గ్రంథము ప్రకారము ఇచ్చట ఎవ్వరికిని ఎండ బాధింపదు! గాలిలోని తేమ నూటికి ఎనుబది పాళ్లు దాటియుండగా చెమట ఆఱదనియు, చెమట ఆఱని చోట దేహము చల్లబడదనియు ఇచ్చట నొక పూట నడచిన వారెల్లరు ఎఱుగుదురు. విశాఖపట్నము, శ్రీకాకుళము ప్రాంతములనుండి ఓడలెక్కి వచ్చి, పెరాక్‌లోని బాగన్ దాతో వంటి చోట్ల కొబ్బరి తోటలలోను, రబ్బరు తోటలలోను జీవితము వెచ్చించిన మన పూర్వులకు ఇది ఇంకను బాగుగా తెలియును. రబ్బరు చెట్టుకు గాటు పెట్టువారు చీకటి యుండగనే లేచి, చల్లని వేళ పాలు ధారాళముగ కాఱునని త్వరపడి, ఎండ ముదురునప్పటికి పని ముగించుకొనుచుండిరి. పని యెప్పుడు చేయవలయునో, ఎప్పుడు మానవలయునో ఎండ నిర్ణయించిన బ్రతుకది.

అట్టి చోట ఐరోపా వీరుని ఉక్కు కవచమును తొడిగించి నడుపుట ఎట్లు? ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, పదునైదవ శతాబ్దపు రీతి కవచములను తొడిగిన వారిని యంత్రము మీద నడిపించి చూచి, నడకకు వ్యయమగు శక్తి రెండింతలకు పైబడుననియు, పరుగునకు ఇంచుమించు రెండింతలగుననియు 2011లో ప్రకటించిరి. దానికి స్లిమ్ నది ఒడ్డు బురదను, మధ్యాహ్నపు ఉక్కను చేర్చి చూడుడు. ఈ దేశపు రచయిత జెడెక్ సియూ, చిత్రకారుడు మున్ కావ్‌తో కూడి వెలువరించిన ‘ఎ థౌజండ్ థౌజండ్ ఐలండ్స్’ పుస్తకములయందును, శాపగ్రస్తమైన మహామకరము తిరుగు నదీతీరమును కల్పించిన ‘లార్న్ సాంగ్ ఆఫ్ ది బ్యాచిలర్’ అను సాహసకథయందును ఆగ్నేయాసియా నేల, నీరు, దేవతలు, వ్యాపారము కన్నుల గట్టుచున్నవి. కథాభూమి మనదైనప్పుడు దేహధర్మమును మనదే కావలయునని నా యభిప్రాయము.

గవ్వల కట్టడి

నా బల్లకు నేను విధించుకొన్న కట్టడి యిది. మలయా ఇండ్లలో ఆడు చొంగ్‌కాక్ ఆట, మన వామనగుంటలవలెనే ఏడేసి గుంటల బల్ల, ఇచ్చట సులభముగ లభించును. దాని గవ్వలనే ఊపిరికి గుర్తుగా తీసికొంటిని. పోరు మొదలగునప్పుడు ప్రతి వీరుని ముందును మూడు గవ్వలును, దేహదార్ఢ్యమునకు వచ్చు అదనపు సంఖ్య యెంతయో అన్నియును పెట్టుదును. ఎంత బలహీనునకైనను ఒక్కటి తప్పక యుండును. ఊరక నిలచి ఒక వేటు వేయుటకు గవ్వ అక్కఱలేదు. తన వంతులో రెండవ వేటు వేయదలచినను, శక్తికొలది పరుగెత్తదలచినను, తగిలిన వేటును తప్పించుకొనుటకు శత్రువుచే పాచికను మఱల వేయింపదలచినను, గవ్వ యొకటి బల్ల నడుమ నుంచవలయును. బరువైన కవచము తొడిగినవానికి పరుగునకును, తప్పించుకొనుటకును రెండు. నడిపగలు, నీడ లేని చోట, మొదటనే ఒకటి తగ్గును. లెక్క వ్రాయుట లేదు, చెఱుపుట లేదు; బల్ల మీద కనుబడునదే లెక్క.

గవ్వలు అయిపోయినవాడు తన వంతులో నడచుటయో, కొట్టుటయో ఒకటియే చేయగలడు. అంతకంటె ముఖ్యమేమనగా, అతని వెనుక జరుగునది డి.ఎం. అతనికి చెప్పడు, తోడివారు తమ వంతు మాటలలో కేక వేసి చెప్పవలయును. స్లిమ్ నది నేర్పిన పాఠమును ఆటలోనికి తెచ్చునది ఈ చిన్న నియమమే. తేఱుకొనుటకు మార్గమొకటి కలదు: ఒక వంతంతయు ఏమియు చేయక నిలచుట, శత్రువునకును తనకును నడుమ తోడివాడొకడు కాపుండుట. అప్పుడు రెండు గవ్వలు తిరిగి వచ్చును. కావలి లేనిదే విశ్రాంతి లేదు. ఈ నియమము వచ్చిన తరువాత, అంతవఱకు ఎవని పోరు వాడు పోరుచుండిన మా బల్ల యందు ఒకరి ముందొకరు నిలచుట ఆరంభమైనది. విల్లు తప్ప మఱేమియు ఎఱుగని ఒక వేటగత్తె, ఇనుప కవచపు మిత్రుడు వంతెన నడుమ మోకరిల్లి రొప్పుచుండగా, విల్లు క్రింద పెట్టి, అతని డాలెత్తుకొని, ఆ ఒక్క రౌండు శత్రువుల కెదురుగా నిలచిన సన్నివేశము మా కథలో ఇప్పటికిని నాకు ప్రియమైనది.

శత్రువులకును గవ్వలుండవలయును. ఇది పెక్కు బల్లలవారు మఱచు విషయము. వీరులను మాత్రమే అలయించి, రాక్షసులను అలుపెఱుగని యంత్రములుగ నుంచుట న్యాయము కాదు, కథకును మేలు కాదు. నాయకునికి వేఱుగను, అతని బంట్లకందఱకు కలిపి ఒక కుప్పగను గవ్వలను అందఱు చూచునట్లు పెట్టుదును. ఆ కుప్ప కరగుచున్న కొలది ఆటగాండ్ర మాట మాఱుట నేను చూచితిని. శత్రునాయకుని యొద్ద ఒక్క గవ్వయు, మనవారి యొద్ద ఒక్క గవ్వయు మిగిలినప్పుడు, చంపుదమా అని గాక, సంధి యడుగుదమా, దారి విడిచిన పోనిత్తుమా, బందీగ పట్టుదమా అని వారు తర్కించుకొందురు. పాచికలతో మాత్రమే ముగియుచుండిన పోరులు మాటతో ముగియుట మొదలిడినవి. రావణుని ఇంటికి పంపిన రాముని ఔదార్యము, అలసట యను వస్తువే లేని ఆటలో ఎవ్వరికిని సాధ్యపడదు. ఎదుటివాడు డస్సెనని కనుబడిననే గదా అతనిని విడుచుట ధర్మమగును.

పోరు ముగిసి కొంతసేపు కూర్చుండినచో గవ్వలన్నియు తిరిగి వచ్చును. ప్రాణసంఖ్య సున్నకు దిగి లేచినవానికి మాత్రము గ్రంథములోని బడలిక మెట్టు ఒకటి తగులును, అది రాత్రి నిద్రతోను, అన్నముతోను గాని పోదు. ఇంతకంటె కట్టడి అక్కఱలేదు. ఎక్కువ కావలయునని తోచినవారు, దినములు గడచు దూరప్రయాణములకు కెయిర్న్ సంచి నియమమును చేర్చుకొనవచ్చును.

ఆడువారి అలసటయు నిజమే. ఆటలోని అర నిమిషపు పోరునకు బల్ల యొద్ద గంట పట్టుట సామాన్యము. కట్టడి దానిని గంటన్నర చేసినచో, ఎంత యథార్థమైనను అది చెడ్డ కట్టడియే. ఒక సెషను పూర్తిగా ఆడి చూచి, పోరు మునుపటికంటె నిడివి యైనచో, మొదట తీసివేయవలసినది కవచపు నియమము, తరువాత ఎండ నియమము. కావలి నియమమును, శత్రువుల గవ్వలను మాత్రము తీయవలదని నా మనవి.

ఈ యాదివారము ఇంటిలో చొంగ్‌కాక్ బల్ల యున్నచో దించుడు. లేనిచో చింతపిక్కలు చాలును. మీ పిల్లలు ఆడు కథలోని తరువాతి యుద్ధమునకు మొదటి మూడు గవ్వలను శత్రువు ముందే పెట్టించుడు.